పనిలేని పొద్దు

మా అనంతపురం వైపు కూలి చేసుకునే ఇళ్లలో అమ్మానాన్నలు ఊరు వదులుతారు, పిల్లలు మిగులుతారు. నాలుగు రాళ్లు వెనకేసుకున్న ఇళ్లలో పిల్లలు ఊరు వదులుతారు, అమ్మానాన్నలు మిగులుతారు. మొదటివాళ్ల మీద పత్రికల్లో కరువు వార్తలొస్తాయి. రెండోవాళ్లకు ర్యాంకు వస్తే వీధి మలుపులో ఫ్లెక్సీ కడతారు. రాత్రి ఏడెనిమిది గంటలప్పుడు మాత్రం రెండు రకాల ఇళ్లలోనూ జరిగేది ఒకటే. ఫోను మోగుతుంది. "తింటివా?" "తింటి." "బాగా చదువుకుంటాండావా?" "ఆఁ." "సరే, జాగ్రత్త." అవతల ఉన్నది బెంగళూరులో గోడ కడుతున్న నాయన కావచ్చు, విజయవాడ హాస్టల్లో ఇంటర్ చదివే కొడుకు కావచ్చు. మాట మారదు.

ఈ నేల మీద ఊరు వదలడం కొత్తేమీ కాదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే బరువు దించుకుని వస్తాయి. ఈశాన్య రుతుపవనం కోస్తాను తడిపి, ఇక్కడికి చేరేసరికి చేతులెత్తేస్తుంది. ఏడాది మొత్తానికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా అడిగినప్పుడు పడదు. మేం వేసే చెనిక్కాయ (వేరుశనగ) చెట్టు పూత మట్టి పైన పూస్తుంది, ఊడ మాత్రం మట్టిలోకి దిగి కాయ అవుతుంది. ఊడ దిగే వారాల్లో వాన ముఖం చాటేసి నేల గట్టిపడిందంటే, ఆకు ఎంత పచ్చగా ఉన్నా కింద కాయ ఉండదు. అప్పు మిగులుతుంది. అప్పుడు కదిరి, తనకల్లు వైపు నుంచి కేరళకు, బెంగళూరుకు బస్సులు నిండుతాయి.

బెంగళూరు దగ్గర. అనంతపురం నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 200 కిలోమీటర్లు. అసలు మోసం ఆ దగ్గరలోనే ఉందని నాకనిపిస్తుంది. కువైట్‌కు పోయే తల్లి రెండేళ్ల దాకా రాలేనని ముందే మనసు గట్టి చేసుకుంటుంది, బిడ్డకూ చెప్పి పోతుంది. బెంగళూరు పోయేవాళ్లు అట్లా చెప్పరు. వచ్చే ఆదివారం వస్తామంటారు. అబద్ధమాడాలని కాదు, నిజంగానే రావాలనుకుంటారు. కానీ ఆదివారమూ స్లాబు పోస్తారు, కూలి పోగొట్టుకోలేరు. ఇక్కడ బిడ్డ శనివారం సాయంత్రం బస్సు శబ్దానికి బయటికి పోయి చూసొస్తుంది. నాలుగైదు వారాల తర్వాత పోవడం మానేస్తుంది. మానేసిందని ఫోన్లో ఎవరూ చెప్పరు.

పిల్లల పెంపకం మీద సలహాలిచ్చేవాళ్లంతా రోజుకు అరగంటైనా పిల్లలకు కేటాయించమంటున్నారు. మంచి మాటే. కాకపోతే పిల్లలు మనం కేటాయించిన అరగంటలో తమ సంగతులు చెప్పరు. వెనక మా పల్లెల్లో ఏరువాకకు ముందు, మే నెల ఎండల్లో, ప్రతి ఇంటి పంచలోనూ విత్తనం చెనిక్కాయలు వలిచేవాళ్లు. మిషన్లో వేస్తే గింజ పగులుతుందని, పైపొర లేస్తే మొలవదని చేత్తోనే వలిచేవాళ్లు. అవ్వ, అమ్మ, పక్కింటి పెద్దమ్మ, పిల్లకాయలు అందరూ చాటల చుట్టూ చేరేవాళ్లు. బొటనవేళ్లు వాచిపోయేవి. పిల్లలు వలిచిందాంట్లో సగం నోట్లోకే పోయేది, తిట్లు పడేవి. ఆ పనికి బుర్ర అక్కర్లేదు కాబట్టి నోళ్లు ఊరకుండేవి కావు. ఎవరి అప్పు ఎంతకు పెరిగింది, ఏ కోడలు అలిగి పుట్టింటికి పోయింది, ఏ చింతమాను కింద ఎవరికి దయ్యం కనబడింది, ఇవే మాటలు. పిల్లలను ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. రెండు గంటలు గడిచాక, ఏ దయ్యం కథ మధ్యలోనో, ఒక పిల్ల తలెత్తకుండా, తనకు లెక్కలు రావడం లేదనో, బడికి పోయే దోవలో ఫలానావాడు రాళ్లేస్తున్నాడనో అనేది. అవ్వ కూడా తలెత్తకుండానే "ఎవరి కొడుకు వాడు?" అనేది. సంగతి అక్కడే తేలిపోయేది.

ఆ రోజులు బంగారమని మాత్రం అనను. ఆ చాటల చుట్టూ కూర్చున్న ఆడపిల్లల్లో చాలామంది అయిదో తరగతి దాటలేదు. పంట పీకే కాలంలో బడి సగం ఖాళీ. నాయన అంటే భయం తప్ప మరొకటి తెలియకుండా పెరిగినవాళ్లు మా తరంలో కొల్లలు. ఈరోజు ఇటుకలు మోసే మనిషి ఫోన్లో కూతుర్ని "బంగారూ" అని పిలుస్తాడు. వాళ్ల నాయన అతన్ని ఎన్నడూ అట్లా పిలిచి ఉండడు. కూతుర్ని ఇంజనీరును చేయాలని కలగంటాడు, తాను తినే తిండిలో కోసుకుని ఫీజు కడతాడు. ప్రేమ పెరిగింది, సందేహం లేదు. తగ్గింది ఆ పనిలేని పొద్దు, ఏమీ అడగకుండా పక్కన కూర్చునే పొద్దు.

ఇక్కడ మిగిలిన అవ్వల సంగతి. అరవై దాటిన మనిషి మళ్లీ బడి సంచి సర్దడం, జ్వరమొస్తే ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తడం, సెల్‌ఫోన్ లాక్కుంటే ఏడ్చే మనవణ్ణి సముదాయించడం. రాగి సంకటి వద్దు, నూడుల్సు కావాలనే పేచీ వేరే. కొడుకు పంపే డబ్బు ఆమె చేతికే వస్తుంది, అధికారం మాత్రం రాదు. "అమ్మతో చెబుతా" అని ఏడేళ్లవాడు బెదిరిస్తే ఆమె దగ్గర జవాబు లేదు. వలస పోయేవాళ్ల పిల్లలకని సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్లు పెట్టారు. బడి మానకుండా అవి కొందరిని కాపాడాయి. కానీ ఆడపిల్ల పెద్దమనిషి అయిందంటే అవ్వకు నిద్ర పట్టదు. పద్దెనిమిది నిండకుండానే సంబంధాలు వెతికే ఇళ్లలో చాలాచోట్ల డబ్బు లెక్కలకంటే "ఎవరు చూసుకుంటారు" అన్న భయమే ఎక్కువ పని చేస్తుందని నేననుకుంటాను. ఆ పెళ్లి తప్పు, చట్టప్రకారం నేరం. అజ్ఞానమని తీసిపారేయడం సులువు. ఇంట్లో నడివయసు మనిషి లేకపోవడమే కారణమనుకుంటే మాత్రం, మందు వేరేచోట వెతకాల్సి వస్తుంది.

2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టింది మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఏడాదికి 100 రోజుల పని ఇస్తామన్నారు. ఆర్థికవేత్తలు దాన్ని కూలి లెక్కన, తవ్విన మట్టి లెక్కన కొలుస్తారు. నేనైతే దాన్ని పిల్లల పథకమనే అనుకుంటూ వచ్చాను. ఎండ ముదరకముందే పార పట్టుకుని పోయిన అమ్మ మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. బెంగళూరు కూలితో పోలిస్తే ఆ డబ్బు తక్కువే. అయినా రెండింటినీ పక్కపక్కన పెట్టి లెక్కేసేటప్పుడు సాయంత్రాలను కూడా ఒక గడిలో రాయాలి కదా. 2019 నుంచి పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు తయారవుతున్నాయి, ఆ చుట్టుపక్కల కొందరికి ఊరు వదిలే అవసరం తప్పింది. రాత్రి షిఫ్టు చేసొచ్చిన నాయన పగలంతా గురక పెట్టినా, ఇంట్లోనే పెడతాడు.

1969లో విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడికి వచ్చి నిలబెట్టిన ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ పుణ్యమా అని, మా పల్లెల్లో ఎందరో పిల్లలకు ఎక్కడో స్పెయిన్‌లో ఒక దాత ఉంటారు. పిల్లలు వాళ్లకు బొమ్మలు వేసి ఉత్తరాలు పంపుతారు. మేక ఈనిందని, వంకలో నీళ్లు పారాయని, స్నేహితురాలితో జట్టు విడిచానని ఆ ముఖం తెలియని మనిషికి రాయగల పిల్ల, ఫోన్లో కన్నతండ్రికి "ఆఁ" అని మాత్రమే ఎందుకంటుంది? నాయన మార్కులడుగుతాడు గనుక. మేక గురించి అడగడు గనుక. ఆయనది తప్పని చెప్పను. దూరంలో ఉన్న మనిషికి భయాలే గుర్తొస్తాయి, భయాలన్నీ ప్రశ్నలై బయటికొస్తాయి.

టౌనులో ఉద్యోగాలు చేసే అమ్మానాన్నలదీ ఇదే తంటా. పదో తరగతి అయిందో లేదో పిల్లవాణ్ణి దూరపు రెసిడెన్షియల్ కాలేజీలో వేస్తారు. కలవనిచ్చే ఆదివారం క్యారియర్‌లో చిత్రాన్నం, ఓళిగలు, వేయించిన చెనిక్కాయలు కట్టుకుని రాత్రంతా రైల్లో పోతారు. గేటు బయట చెట్టుకింద దుప్పటి పరిచి, బిడ్డ తింటుంటే ర్యాంకుల కాగితం తిరగేస్తారు. వాడు ఇంకో ఓళిగ కావాలంటాడు, వాళ్లు ఫిజిక్సులో ఎందుకు తగ్గిందంటారు. కరువు లేని ఇంట్లో కొనితెచ్చుకున్న కరువు ఇది. వలస కూలీకి వేరే దారి లేదు, వీళ్లకు ఉంది. అందుకే వీళ్ల మీద నాకు కొంచెం కోపం కూడా ఉంది.

దారి లేనివాళ్లే ఒక్కోసారి దారి కనిపెడతారు. బెంగళూరులో కట్టడాల దగ్గర రేకుల షెడ్డులో ఉండే ఒక తల్లి రాత్రి వంటకు కూర్చునేటప్పుడు ఊళ్లో ఉన్న కూతురికి వీడియో కాల్ చేసి, ఫోనును డబ్బాకు ఆనించి పెడుతుంది. ఏమీ అడగదు. ఈమె ఉల్లిపాయలు తరుగుతుంది, ఆ పిల్ల హోంవర్కు రాస్తుంది. మధ్యలో కుక్కర్ కూస్తుంది, అక్కడ అవ్వ దగ్గుతుంది. ఎప్పుడో పిల్ల "అమ్మా, ఇది చూడు" అంటుంది. అరగంటలో నాలుగు మాటలు. సిగ్నల్ పోతే మళ్లీ కలుపుకుంటారు. పుట్టినరోజుకు పంపే గౌను కన్నా ఆ కుక్కర్ కూత గట్టి కానుకని నా నమ్మకం.

ఉగాదికి ఊరొచ్చే నాయనలదే పెద్ద చిక్కు. చేతిలో మూడు రోజులుంటాయి. దేవుడి మొక్కు, అప్పులవాళ్లు, బంధువుల ఇళ్లు, రేషన్ కార్డులో పేరు దిద్దించుకోవడం. వచ్చిన రోజు బిడ్డ అవ్వ కొంగు చాటున దాక్కుంటుంది, రెండో రోజు బయటికొస్తుంది, మూడో రోజు ఆయన సంచి సర్దుతుంటాడు. మా వైపు మేస్త్రీ ఒకాయన పోయిన ఏడాది ఆ కార్డు పనికి బిడ్డనూ వెంట తీసుకుపోయినాడు. కంప్యూటర్ కేంద్రంలో సర్వర్ లేదన్నారు. బయట అరుగు మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నారు, బొరుగులు తిన్నారు. మేక సంగతి, జట్టు విడిచిన స్నేహితురాలి సంగతి, రాత్రిపూట తలుపు గొళ్లెం పడదని భయమేసే సంగతి, అన్నీ ఆ అరుగు మీదే బయటపడ్డాయట. చివరికి సర్వర్ రాలేదు, మళ్లీ పొద్దున రమ్మన్నారు. "వస్తాం సార్, ఇద్దరమూ వస్తాం" అని చెప్పి, దోవలో ఒక కొత్త గొళ్లెం కొనుక్కుని ఇంటికొచ్చినాడు.