విన్నవాని బాధ్యత

దూరదేశాల రేడియో కేంద్రాలను వెతికి వెతికి వినడం, సొంతంగా ట్రాన్స్‌మిటర్ కట్టుకొని ముక్కూ మొహం తెలియని మనుషులతో ఆకాశమార్గాన మాట్లాడడం - ఈ రెండింటినీ మన మిత్రులు కొందరు కులాసా వ్యాపకాలుగా తీసిపారేస్తారు. పొట్ట నిండినవాడి కాలక్షేపమనీ, ప్రజా ఉద్యమాలతో దానికి పొత్తు లేదనీ వారి వాదం. ఆ వ్యాపకంలో వున్నవారు ఇందుకు పూర్తిగా ఎదురు మాట చెబుతారు. తమది జాతి, మతం, రాజ్యం అనే ఎల్లలు దాటిన విశ్వసౌభ్రాతృత్వమంటారు. రెండు మాటలలోనూ సగం సగమే నిజం వుందని నా అభిప్రాయం. మిగిలిన సగం తేలాలంటే ఒక నైతిక ప్రశ్నను సూటిగా వేసుకోవాలి. ఎక్కడో దూరాన పుట్టిన మాట నా చెవిన పడితే, ఆ మాట పట్ల నాకు బాధ్యత వుందా?

ముందు ఈ వ్యాపకం పుట్టుక చూద్దాం. 1912లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి అమెచ్యూర్లను 200 మీటర్లు, అంతకు తక్కువ తరంగాలకు నెట్టివేసింది. దూరాలకు పొడవైన తరంగాలే పనికివస్తాయనీ, పొట్టివి ఎందుకూ కొరగావనీ ఆనాటి నమ్మకం. ఊళ్ళో మాగాణి అంతా దొరలు వుంచుకొని, రాళ్ళూ తుప్పలూ వున్న బంజరును పేదలకు వదిలినట్లు జరిగిందిది. అమెచ్యూర్లు ఆ బంజరునే దున్నారు. 1923 నవంబరులో ఫ్రాన్సు అమెచ్యూరు ఒకరు, అమెరికా అమెచ్యూర్లతో అట్లాంటిక్ సముద్రం మీదుగా సంభాషించాడు. వారు వాడిన తరంగం సుమారు 100 మీటర్లది. చాలా ఎత్తున, సూర్యరశ్మివల్ల విద్యుదావేశం పొందిన గాలిపొరలు ఈ పొట్టి తరంగాలను వంచి తిరిగి నేలకు పంపుతాయన్న సంగతి ప్రయోగాలతో రుజువైంది. బంజరు పండిందని తెలియగానే హక్కుదారులు దిగారు. కంపెనీలు వచ్చాయి, సైన్యాలు వచ్చాయి. 1932 డిసెంబరులో బి.బి.సి. తన సామ్రాజ్య ప్రసారాలను ప్రారంభించింది ఈ షార్ట్‌వేవ్ మీదనే. దున్నినవారికి మిగిలినవి కొన్ని సన్నని పట్టీలు మాత్రమే. కాబట్టి ఇది పుట్టుకతోనే భోగుల ఆట అనడం చరిత్రకు విరుద్ధం.

అంతేకాదు, జర్మనీ కార్మికులు 1924లోనే తమ రేడియో సంఘాన్ని పెట్టుకున్నారు. 1932లో బ్రెహ్ట్ ఒక ముఖ్యమైన మాట అన్నాడు: రేడియో వినిపించే యంత్రంగానే వుండిపోకూడదు, విన్నవాడు తిరిగి మాట్లాడగల సాధనం కావాలి. ఆ తరువాతి జర్మనీలో జరిగింది దీనికి తలక్రిందులు. 1939 సెప్టెంబరు 1న, యుద్ధం మొదలైన రోజునే, నాజీ ప్రభుత్వం విదేశీ కేంద్రాలను వినడాన్ని నేరం చేసింది. విన్నదాన్ని ఇతరులకు చెప్పినవారికి మరణశిక్ష కూడా పడవచ్చునంది. ఊరికే వినడమన్నది నిజంగా నిరపాయమైన పనే ఐతే ఏ నియంత దానికి ఉరితాడు సిద్ధం చేస్తాడు?

ఐతే నేటి శ్రోత ఏం చేస్తున్నాడు? రాత్రి మేల్కొని ఒక బలహీనమైన కేంద్రాన్ని పట్టుకుంటాడు. తరంగమెంత, సమయమెంత, ధ్వని బలమెంత, అడ్డుచప్పుడు ఎంత అని నివేదిక రాసి పంపుతాడు. కేంద్రంవారు ధ్రువీకరిస్తూ రంగుల కార్డు పంపుతారు. కార్యక్రమం గురించి కూడా నాలుగు ముక్కలు రాయాలి. కాని అవి విన్నట్లు సాక్ష్యం కోసమే. ఆ దేశంలో కరువు గురించి చెప్పారా, కాల్పుల గురించి చెప్పారా అన్నది కార్డుకు అవసరం లేదు. ధ్వని స్పష్టంగా వుంటే చాలు. దీనికీ, కవిత్వంలో శబ్దసౌందర్యం చాలు, అర్థంతో పని లేదనే వాదానికీ దగ్గరి చుట్టరికం వుంది. అమెచ్యూర్ల సౌభ్రాతృత్వమూ ఇటువంటిదే. డబ్బు కోసం కాక సొంత ఆసక్తితో చేయాలన్న వారి అంతర్జాతీయ నియమం గొప్పదే. కాని వారి మాటలు తరచుగా ఏరియల్ ఎత్తు దగ్గరా, వాతావరణం దగ్గరా ఆగిపోతాయి. తగవు వచ్చే విషయమంతా మినహాయించి సంపాదించిన స్నేహాన్ని విశ్వసౌభ్రాతృత్వమనడం తొందరపాటు.

ఇంతటితో ఆపితే నేను కూడా సగం నిజమే చెప్పినవాణ్ణవుతాను. 1928 మే 25న ఉత్తరధ్రువం నుంచి తిరిగివస్తున్న 'ఇటాలియా' అనే గాలినౌక మంచుమీద కూలింది. బతికినవారు చిన్న షార్ట్‌వేవ్ యంత్రంతో రోజుల తరబడి మొరపెట్టుకున్నా వారి సహాయనౌకకు వినపడలేదు. జూన్ 3న ఆ మొర రష్యాలో వొజ్నెసేన్యె-వోఖ్మా అనే పల్లెటూళ్ళో నికొలాయ్ ష్మిత్ అనే యువకుడి చెవిన పడింది. అతను సొంతంగా కట్టుకున్న రేడియోతో వింటున్న అమెచ్యూరు. వెంటనే మాస్కోకు తెలియజేశాడు. జూలై 12న సోవియట్ మంచుకోత నౌక 'క్రాసిన్' ఆ మనుషుల దగ్గరకు చేరింది. చిటపటల మధ్య సన్నని ధ్వనిని గుర్తుపట్టే నేర్పు అతనికి ఒక్కరోజులో రాలేదు. ఏ ప్రయోజనమూ లేదని మనం ఎగతాళి చేసే రాత్రులలోనే ఆ చెవి తయారైంది. కనుక వ్యాపకం సాధన. సాధన దానంతటదే ధర్మం కాదు. ధర్మానికి అవసరమైన సన్నాహం. విన్నదాన్ని మరొకరికి చెప్పిన క్షణంలో అది ధర్మమైంది.

ఈ కథను మనవాళ్ళు ఇక్కడితో ముగించి చప్పట్లు కొడతారు. కాని మిగిలినది కూడా చెప్పాలి. అదే ష్మిత్‌ను 1941లో సోవియట్ ప్రభుత్వమే అరెస్టు చేసింది. గూఢచారి అని ముద్రవేసి 1942లో తాష్కెంటులో కాల్చివేసింది. అతను నిర్దోషి అని తేల్చడానికి 1984 వచ్చింది. దూరాన్ని వినగలవాడంటే, దూరానికి పలకగలవాడంటే అధికారానికి అనుమానం. నాజీల చట్టాన్ని ఖండించిన నోటితో దీన్ని ఖండించకపోతే మన నీతికి రెండు తూనికరాళ్ళు వున్నట్లే. శత్రువు చేస్తే దౌర్జన్యమూ, మనవాడు చేస్తే చారిత్రక అవసరమూ అనే వాదాన్ని తరగతిలో పిల్లల ముందు ఏ అధ్యాపకుడు సిగ్గుపడకుండా చెప్పగలడు?

ఆ 1942లోనే మన బొంబాయిలో ఉషా మెహతా, ఆమె సహచరులు ఆగస్టు నుంచి నవంబరు వరకు రహస్య కాంగ్రెస్ రేడియో నడిపారు. పత్రికల గొంతు నొక్కినప్పుడు ఆ మాట షార్ట్‌వేవ్ మీద ప్రజలకు చేరింది. దానికి యంత్రం కట్టిన నిపుణుడే చివరకు పోలీసులకు ఆచూకీ ఇచ్చాడు. అంటే నేర్పు ఒక్కటే మనిషిని నిలబెట్టదు. ఆ నేర్పును ఎవరి పక్షాన పెడుతున్నామన్న తెలివిడీ, దాన్ని అంటిపెట్టుకొనే ధైర్యమూ వుండాలి.

చేతిలో సెల్‌ఫోను వుండగా ఈ పాత గొడవ ఎందుకని విద్యార్థులు అడగవచ్చు. ఫోనులో నీ మాటకూ నా చెవికీ నడుమ ఒక కంపెనీ, దాని వెనుక ఒక ప్రభుత్వం వుంటాయి. మీట నొక్కితే ఊరు ఊరంతా మూగదవుతుంది. 2004 డిసెంబరు సునామీ అండమాన్‌లో తంతులూ స్తంభాలూ కూల్చినప్పుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ పక్షాన పోర్ట్‌బ్లెయిర్‌లో వున్న భారతీ ప్రసాద్ బృందం వార్తలను బయటకు చేర్చింది. వారు అక్కడికి వెళ్ళింది మొదట ఈ వ్యాపకం కోసమే. దూరదేశాలవారితో వరుసగా సంభాషణలు జరపడానికి వెళ్ళినవారు, ఆ తరువాత బతికివున్నవారి కబుర్లను వారి బంధువులకు మోశారు.

వినడం తటస్థమైన పని కాదు. విన్నవాడు ఆ క్షణం నుంచి సాక్షి. సాక్షికి మౌనం వహించే స్వేచ్ఛ వుండవచ్చు గాని, మౌనం వహించి నిర్దోషిని అనిపించుకొనే హక్కు లేదు. ఈ వ్యాపకాన్ని మనం ఎగతాళి చేయనక్కరలేదు, పూజించనూ అక్కరలేదు. మన కళాశాలల్లో ఒక చిన్న గది ఇచ్చి, భౌతికశాస్త్రం అధ్యాపకుణ్ణి యంత్రం కట్టించమందాం. ఆ యంత్రంలో విన్నదాన్ని గురించి చర్చ పెట్టించడం మాత్రం సాహిత్యం చెప్పే మనవంటివారి పని.