నలుణ్ణి పట్టిన కలి

రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ తెలుగు చేసిన మహాభారత భాగంలోనే నలోపాఖ్యానం ఉంది. నలుడు పుష్కరుడితో పాచికలాటకు కూర్చుంటే పౌరులూ మంత్రులూ వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు, భార్య దమయంతి కన్నీళ్లతో బతిమాలింది. ఆయన బదులైనా పలకలేదు. కలి ఆవహించాడు కాబట్టే అలా అయ్యాడంటుంది కథ. ఫోన్ వదలని పిల్లవాణ్ణి చూసి ఇవాళ భీమవరంలోనైనా అమలాపురంలోనైనా ఇంటివాళ్లు మథనపడేది ఇందుకే: తప్పు వాడిదా, వాణ్ణి పట్టినదానిదా?

ఆ పట్టు ఎలాంటిదో మెదడు శాస్త్రం కొంత చెప్పింది. వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ బృందం కోతులకు పళ్లరసం ఇచ్చి చేసిన ప్రయోగాల ఆధారంగా 1997లో వెలువడిన వ్యాసం ప్రకారం, డోపమైన్ నాడీకణాలు రసం అనుకోకుండా దొరికినప్పుడు చురుగ్గా స్పందిస్తాయి. అలవాటయ్యాక, రసం రాబోతోందనే గుర్తు కనబడితే చాలు, స్పందన అప్పుడే మొదలవుతుంది. సంక్రాంతి బరి దగ్గర పందెగాణ్ణి కట్టిపడేసేది ఏ పుంజు గెలుస్తుందో తెలియకపోవడమే. వేలితో తెర జరిపేవాడిదీ అదే స్థితి. కాకపోతే బరి పండగతో ముగుస్తుంది. ఫోన్‌కు కనుమ లేదు.

అలాగని సాయంత్రం ఫోన్ పట్టుకున్న ప్రతివాడూ రోగి కాడు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో ఉన్నది ఆటల వ్యసనమే, మొత్తం ఇంటర్నెట్ కాదు. మెదడు చిత్రాల్లో కనిపించే తేడాలు వ్యసనానికి కారణమో ఫలితమో కూడా తేలలేదు. మెదడే మారితే మనిషికి బాధ్యత ఎక్కడిదని కొందరు అడుగుతారు. వేదం వల్లె వేసినా మెదడు మారుతుంది. మారడమంటే సంకల్పం చచ్చిపోవడం కాదు. ఋతుపర్ణుడనే రాజు దగ్గర అక్షహృదయం, అంటే పాచికల మర్మం, నేర్చుకున్నాకే కలి నలుణ్ణి వదిలాడు. పట్టిన దాని తీరు తెలుసుకోవడం సాకు కాదు, విడుదలకు దారి.

తెలిసినా మానలేనివాళ్లు ఎందరో ఉన్నారు కదా అంటే, నిజమే. నలుడికీ ఒక్క తెలివిడి చాలలేదు. తనను కాటేసిన కర్కోటకుడనే నాగుడి విషం అప్పటికే లోపలి కలిని దహిస్తోంది, విడిపోయిన దమయంతి దూరాన ఉండి అతణ్ణి వెతికిస్తూనే ఉంది. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించడం, బెంగళూరు నిమ్హాన్స్ 2014లో ఇలాంటి వ్యసనాలకు ప్రత్యేక క్లినిక్ తెరవడం ఆ కోవలోని బయటి సాయాలే. బాధ్యత పట్టుబడ్డవాడిదే, అయితే ఒక్కడిదే కాదు. ఋతుపర్ణుడు విద్యను ఊరికే ఇవ్వలేదు, బదులుగా నలుడు ఇస్తానన్న అశ్వహృదయం, అంటే గుర్రాల మర్మం, పుచ్చుకోవడానికి ఒప్పుకున్నాడు. మీ పిల్లవాణ్ణి కూడా తిట్టడం ఆపి, వాడి దగ్గర మీరు నేర్చుకోవలసింది ఒకటుందని నమ్మి పక్కన కూర్చోండి.