సెలవు: పయనం, వ్యయం, అనుజ్ఞ

ప్రస్తావన

గడిచిన సెలవుల గురించి తెలుగువారి సంభాషణ తరచూ ఒకే తీరున సాగుతుంది. వేసవి రాగానే అమ్మమ్మ ఊరు, ఇనుప ట్రంకుపెట్టె, రైలులో విప్పిన పులిహోర పొట్లం, మామిడితోట, ఆరుబయట మంచాలు. ఆపైన ‘ఇప్పుడు ఆ రోజులెక్కడివి?’ అనే నిట్టూర్పు. ఈ నిట్టూర్పులో ఒక తీర్పు కూడా ఉంది. ప్రయాణం సులువైంది కాని జీవితం పలచబడింది అన్నది దాని సారాంశం. ఇటువంటి తీర్పు చెప్పడానికి జ్ఞాపకానికున్న అర్హత ఏమిటి? గతాన్ని ప్రేమతో తలచుకొనే వ్యక్తికి ఆ గతంలోని ఇతరుల పట్ల ఏదైనా బాధ్యత ఉంటుందా? ఈ నైతిక ప్రశ్నను ‘సెలవు’ అనే మాట ఆధారంగా, ఉస్మానియా విశ్వవిద్యాలయం, తార్నాక, అంబర్‌పేట పరిసరాల ఉదాహరణలతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాటలోని అర్థాలు

నేటి వాడుకలో సెలవు అంటే పని లేని దినం. పాత వాడుకలో దీనికి అనుజ్ఞ, ఆజ్ఞ అనే అర్థాలు ప్రధానం. ‘సెలవు పుచ్చుకోవడం’, ‘తమరి సెలవైతే’ వంటి పలుకుబళ్లలో అనుజ్ఞార్థం ఇంకా నిలిచి ఉంది. నిఘంటువులు వ్యయం అనే మరో అర్థాన్నీ చూపుతాయి. తమిళంలో ‘సెల్’ ధాతువుకు వెళ్లడమని అర్థం. దాని నుంచి ఏర్పడిన ‘సెలవు’ ప్రాచీన సాహిత్యంలో పయనాన్నీ, నేటి వ్యవహారంలో ఖర్చునూ తెలుపుతుంది. ఈ అర్థాలను పక్కపక్కన ఉంచితే ప్రతి సెలవునూ మూడు ప్రశ్నలు అడగవచ్చు. వెళ్లినవారెవరు? ఖర్చయింది ఎవరిది? అనుజ్ఞ ఇచ్చినవారెవరు? జ్ఞాపకం మొదటి ప్రశ్నకు ఉత్సాహంగా జవాబిస్తుంది. తక్కిన రెండింటి దగ్గర సాధారణంగా మౌనం వహిస్తుంది.

మోసినవారు

మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరుకున్నారు. హైదరాబాదు మీదుగా సాగిన ఆ ప్రయాణంలోని మజిలీలను, దారులను, ఊళ్ల స్థితిగతులను ఆయన శ్రద్ధగా నమోదు చేశారు. 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్ర తెలుగు యాత్రాసాహిత్యానికి పునాది. అయితే ఆ పయనం పెద్ద పరివారంతో, పల్లకీ బోయీల భుజాల మీద సాగింది. వీరాస్వామయ్యకు అది పుణ్యయాత్ర. బోయీలకు అదే దారి, అదే గంగ, కాని కూలిపని. వారి వైపు నుంచి వెలువడిన యాత్రాచరిత్ర మనకు లేదు. జ్ఞాపకం రాయగలిగినవారి సొత్తు అయినప్పుడు మోసినవారి అలసట అందులో ఒక వివరంగానే మిగులుతుంది.

1874లో సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1916లో కాచిగూడ స్టేషను ఏర్పడింది. 1932లో నిజాం రాష్ట్ర రైలు, రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో సర్వీసులు ప్రారంభించింది. భుజాల మీది బరువు యంత్రానికి మారింది. అంతమాత్రాన అసమానత దిగిపోలేదు. కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్ వైపు వెళ్లే బండిలో పండుగకు ఊరు పోయే ఉస్మానియా విద్యార్థి, నగరంలో అడ్డా మీద పని దొరక్క వెనుదిరిగే పాలమూరు కూలీ ఒకే బల్ల మీద కూర్చోవచ్చు. బండి ఇద్దరిదీ, సెలవు ఒకరిదే.

1948 ఫ్యాక్టరీల చట్టం వారానికొక సెలవును, ప్రతి 20 పనిదినాలకు ఒకటి చొప్పున వేతనంతో కూడిన సెలవును కార్మికునికి హక్కుగా చేసింది. అనుజ్ఞగా ఉన్నది హక్కుగా మారడం సెలవు చరిత్రలో గొప్ప మలుపు. అమ్మమ్మ వంటింటికి ఆ చట్టం వర్తించలేదు. పదిమంది మనుమలకు వేసవి సెలవులంటే ఆమెకు పదిమంది భోజనాలు, నీళ్లు, పక్కలు. ఆమె దాన్ని ప్రేమతోనే చేసి ఉండవచ్చు. ప్రేమతో చేసినంత మాత్రాన అది పని కాకుండా పోదు. తార్నాక కూడలిలో పండుగ రాత్రి కూడా ఇంటింటికీ భోజనం చేరవేసే యువకుని స్థితి వేరు గాని, అతని పనిదినం కూడా మరొకరి తీరికను మోస్తున్నదే. గతాన్ని పొగిడేవారూ, వర్తమానాన్ని పొగిడేవారూ ఈ విషయంలో ఒకే పొరపాటు చేస్తున్నారు.

పుట్టింటి దారి

తెలంగాణలో బతుకమ్మ పండుగకు ఆడపడుచు పుట్టింటికి రావడం ఆచారం. ఈ రాకకు రెండు అడ్డంకులుండేవి: చార్జీ, అత్తవారింటి అనుమతి. అంటే సెలవులోని వ్యయార్థం, అనుజ్ఞార్థం రెండూ ఆమె దారిలో నిలిచేవి. 2023 డిసెంబరు 9న ప్రారంభమైన మహాలక్ష్మి పథకం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం కల్పించింది. మొదటి అడ్డంకిని ప్రభుత్వ ఖజానా తన మీద వేసుకుంది. రెండవది జీరో టికెట్టుతో తొలగేది కాదు. అయినా చేయి చాచి చార్జీ అడగనక్కరలేని స్త్రీ అనుమతి అడిగే తీరు మునుపటిలా ఉండదు. అంబర్‌పేటలో బతుకమ్మ కుంటను 2025లో పునరుద్ధరించారు. ఊరికి పోయి ఆడవలసిన పండుగకు నగరంలోనే నీటి ఒడ్డు దొరికింది. నగరంలో పుట్టిపెరిగిన ఆడపిల్లకు అంబర్‌పేటే పుట్టిల్లు. మార్పును కేవలం నష్టంగా లెక్కించేవారికి ఈ ఉదాహరణలు కనిపించవు.

నష్టం లేదని కాదు. 2017 నవంబరు నుంచి తార్నాకలో మెట్రో ఎక్కి ఉప్పల్‌లో దిగవచ్చు. అక్కడి నుంచి వరంగల్ బస్సుంది. శనివారం ఇంటికి చేరిన విద్యార్థి సోమవారం తరగతికి రాగలడు. పయనం కుదించుకుపోయింది, దానితోపాటు బస కూడా. తిరిగి రావడం కష్టమైన కాలంలో వెళ్లినవారు వారాల తరబడి ఉండేవారు. అలిగి మళ్లీ కలిసిపోవడానికి, పెద్దల ముచ్చట్లు చెవిన పడటానికి ఆ నిడివి అవసరం. నిట్టూర్పు పాత రైలును తలచుకుంటుంది గాని, నిజంగా పోయింది ఆ నిడివి.

ఒక అభ్యంతరం

జ్ఞాపకాన్ని ఇలా లెక్కలడగడం క్రూరం కాదా అన్న ప్రశ్న సమంజసమైనదే. మామిడిచెట్టు కింద ఆడుకున్న పిల్లవానికి వంటింటి శ్రమ తెలియదు. తెలియనిదానికి అతడు బాధ్యుడు కాడు. జ్ఞాపకం ఆనందంగా ఉన్నంతవరకు దానికి లెక్క అక్కరలేదు. ఆ పిల్లవాడే పెద్దవాడై, తన ఆనందాన్ని ప్రమాణంగా నిలిపి ‘ఆ రోజులే మంచివి’ అన్నప్పుడు స్థితి మారుతుంది. అప్పుడతడు అందరి తరఫున తీర్పు చెబుతున్నాడు. తీర్పు చెప్పేవాడు సాక్షులందరినీ విచారించాలి. అమ్మమ్మ, బోయీ, కూలీ, పుట్టింటికి రాలేకపోయిన ఆడపడుచు వారిలో ఉంటారు.

ఉపసంహారం

ఈ విచారణ గత సెలవుల మాధుర్యాన్ని తగ్గించదు. అమ్మమ్మ చేతివంటతోపాటు ఆమె అలసట కూడా గుర్తుకు వస్తే ఆమె జ్ఞాపకంలో పూర్తి మనిషిగా నిలుస్తుంది. అప్పుడు నిట్టూర్పు స్థానంలో చేయదగిన పని ఒకటి కనిపిస్తుంది. పోయిన నిడివిని తిరిగి కోరుకొనేవారు వారం రోజులు ఊళ్లో ఉండాలి. ఆ వారం వంట, నీళ్లు, పక్కలు ఎవరి వంతో బయలుదేరే ముందే మాట్లాడుకోవాలి. ఇంట్లో ఒకరికి పని పెరగకుండా అందరికీ దొరికినప్పుడే ఆ దినాలకు సెలవు అన్న పేరు తగుతుంది.