40 సెకన్ల న్యాయం

సెప్టెంబర్ వచ్చిందంటే మన బడిలో అందరం డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి మీదే వ్యాసం రాస్తాం. 1888లో మన తిరుత్తణిలో పుట్టారని, తత్వశాస్త్రం చదివారని, పాఠాలు చెప్పి చెప్పి రాష్ట్రపతి అయ్యారని. ఈసారి మా తెలుగు సార్ "ఆయన గురించి చాలా రాశారు. ఇప్పుడు ఆయనలాగా ఒక ప్రశ్న పట్టుకుని ఆలోచించి రాయండి" అన్నారు. నా ప్రశ్న ఇది: తప్పు చేశాడనుకున్న మనిషిని ఏమీ అడక్కుండా, విచారించకుండా, వెంటనే శిక్షిస్తే అది న్యాయమేనా? ఈ ప్రశ్న నాకు ఏ పాఠంలోనూ దొరకలేదు. 'డెత్ నోట్' అనే జపాన్ బొమ్మల సీరియల్‌లో దొరికింది.

వేసవి సెలవుల్లో తిరువళ్ళూరులో పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళాను. అక్కడ మా అన్న దాన్ని చూపించాడు. మొదట నాకు అస్సలు నచ్చలేదు. తెరంతా చీకటి. అందులో ర్యూక్ అని ఒక మృత్యుదేవుడు, గుండ్రటి కళ్ళు, చెవుల దాకా సాగిన నోరు, ఆపిల్ పండు కనిపిస్తే చాలు వదలడు. "దయ్యాల కథ నాకొద్దన్నా" అన్నాను. పైగా మాటలు జపాన్ భాషలో, కింద అక్షరాలు ఇంగ్లీషులో. నేను సగం చదివేలోపల అవి మారిపోయేవి. అన్న ఆపి ఆపి చెప్పాల్సి వచ్చింది. "మూడు భాగాలు చూడు, ఆ తర్వాత నీ ఇష్టం" అన్నాడు. రెండో భాగం అయ్యేసరికి ఫోన్ నా చేతిలో ఉంది. మొత్తం 37 భాగాలు. సెలవులు అయ్యేలోపల అన్నీ చూసేశాను.

చూడనివాళ్ళ కోసం కథ కొంచెం చెబుతాను. సుగుమి ఒబా రాసి, తకేషి ఒబాతా బొమ్మలు గీసిన ఈ కథ 2003 నుంచి 2006 వరకు జపాన్‌లో వారపత్రికలో వచ్చింది. 2006 అక్టోబర్‌లో టీవీలో మొదలై 2007 జూన్‌లో ముగిసింది. లైట్ యగామి అనే కుర్రాడు చదువులో అందరికంటే ముందుంటాడు. వాళ్ళ నాన్న పోలీసు అధికారి. ఒకరోజు బడి ఆవరణలో లైట్‌కి నల్ల అట్ట నోటుపుస్తకం ఒకటి దొరుకుతుంది. అందులో ఎవరి పేరు రాస్తే వాళ్ళు చనిపోతారు. రాసేటప్పుడు ఆ మనిషి ముఖం మనసులో ఉండాలి. ఎలా చావాలో రాయకపోతే 40 సెకన్లలో గుండె ఆగిపోతుంది. ఇంకో నియమం కూడా ఉంది. రాసిన పేరును తర్వాత చెరిపేసినా చావు ఆగదు.

లైట్ మొదట రాసిన పేరు, పసిపిల్లలను బందీలుగా పట్టుకున్న ఒక దుర్మార్గుడిది. 40 సెకన్లు దాటాయి. పిల్లలు బయటికి పరుగెత్తుకొచ్చారు. నేను చప్పట్లు కొట్టాను. అన్న నా వైపు చూసి నవ్వాడు గానీ ఏమీ అనలేదు.

ఎందుకు చప్పట్లు కొట్టానో కూడా నిజం చెప్పాలి. పోయిన సంవత్సరం ఒక సాయంత్రం బస్సులో ఒకతను నా పక్కన నిలబడి వేధించాడు. బస్సు నిండా జనం. నాకు నోరు రాలేదు. దిగి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఏడ్చాను. అమ్మకు కూడా వారం తర్వాతే చెప్పాను. అతని పేరు నాకు తెలీదు. తెలిసి ఉండి, ఆ నల్ల పుస్తకం నా దగ్గర ఉండి ఉంటే, ఆ రాత్రి రాసి ఉండేదాన్ని. అందుకే లైట్ నాకు హంతకుడిలా కనిపించలేదు. మా అందరి బదులు ఒకడు రాస్తున్నాడు అనిపించింది.

ఇది నా ఒక్కదాని కోపం కాదు. 2019 నవంబర్ 27 రాత్రి హైదరాబాద్ శివార్లలో శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిని దారుణంగా చంపారు. పోలీసులు నలుగురిని పట్టుకున్నారు. డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ఆ నలుగురూ పోలీసుల తూటాలకు చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, టపాకాయలు కాల్చారు. అప్పుడు నేను చిన్నపిల్లను. టీవీ ముందు మా అమ్మ "మంచి పని చేశారు" అని చేతులు జోడించడం మాత్రం గుర్తుంది. పూలు చల్లినవాళ్ళను నేను తప్పు పట్టలేను. ఆడపిల్ల ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ భయం ఉంది. ఢిల్లీలో 2012 డిసెంబర్ 16న జరిగిన ఘోరానికి శిక్ష అమలయింది 2020 మార్చి 20న. ఏడేళ్ళ పైన పట్టింది. అన్నేళ్ళు ఎదురుచూడలేనివాళ్ళకు 40 సెకన్లు ఎంత తియ్యగా ఉంటాయో నాకు తెలుసు.

బడి తెరిచాక నేను కూడా ఒక పని చేశాను. లెక్కల రఫ్ నోటు చివరి పేజీలో 'నా జాబితా' అని రాసి కింద గీత గీశాను. చైనాలో షెన్‌యాంగ్ అనే ఊళ్ళో 2005లో పిల్లలు ఇలాగే నోటుపుస్తకాలు తయారుచేసుకుని, నచ్చనివాళ్ళ పేర్లు, టీచర్ల పేర్లు రాస్తుంటే అక్కడి బడులు వాటిని నిషేధించాయట. అది చదివి నవ్వుకున్నాను. రాస్తే ఎవరూ చావరు కదా, కోపం తీరుతుంది అంతే అనుకున్నాను.

జూలైలో సైన్స్ ఎగ్జిబిషన్ సామాన్ల కోసం తరగతిలో డబ్బులు వసూలు చేశాం. మొత్తం 840 రూపాయలు. లీడర్‌ని నేనే కాబట్టి నా జామెట్రీ బాక్సులో పెట్టాను. ఒకరోజు ఆటల పీరియడ్ అయి వచ్చి చూస్తే డబ్బు లేదు. నా తలలో వెంటనే ఆ సీరియల్‌లో లైట్‌ను వెతికే డిటెక్టివ్ 'ఎల్' లేచి కూర్చున్నాడు. ఒకటి, తలనొప్పి అని ఆ పీరియడ్‌లో ఒక అబ్బాయి ఒక్కడే తరగతిలో ఉన్నాడు. రెండు, మరుసటి రోజు అతను కొత్త చెప్పులు వేసుకొచ్చాడు. మూడు, నేను సూటిగా చూస్తే తల దించుకున్నాడు. ఇంకేం కావాలి? మూడు ఆధారాలు దొరికాయి. రఫ్ నోటు తీసి గీత కింద అతని పేరు రాశాను.

నేను చెప్పింది ఇద్దరికే. సాయంత్రం బెల్ కొట్టేలోపల తరగతి మొత్తానికి తెలిసిపోయింది. తర్వాత తొమ్మిది రోజులు అతని బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. మధ్యాహ్న భోజనం ప్లేటు పట్టుకుని కానుగ చెట్టు కింద ఒక్కడే తినేవాడు. నాకు జాలి వేయలేదు. 'అనుభవించాలి' అనుకున్నాను.

పదో రోజు ఇంగ్లీషు పుస్తకం అట్ట చిరిగిందని మార్చబోతే లోపలి నుంచి నోట్లు పడ్డాయి. 840 రూపాయలు. బాక్సులో ఉంటే పోతాయని ముందు రోజు నేనే అట్ట లోపల దాచి మర్చిపోయాను.

తరగతిలో అందరి ముందు నిలబడి చెప్పాను. గొంతు వణికింది. సారీ చెప్పాను. అతను ఎక్కువ మాట్లాడలేదు. "ఆ చెప్పులు మా అక్క కొనిచ్చింది. నన్ను అడిగుంటే చెప్పేవాణ్ణి కదా" అన్నాడు. అంతే.

అడిగుంటే. ఆ ఒక్క మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. నేను అన్నీ ఆలోచించాను, ఆధారాలు కూడబెట్టాను, తీర్పు చెప్పాను, శిక్ష వేశాను. అతన్ని అడగడం ఒక్కటే చేయలేదు.

ఆ వారం చివర అన్న దగ్గర 'డెత్ నోట్' మళ్ళీ చూశాను. ఈసారి రెండో భాగం వేరేగా కనిపించింది. అందులో ఒక మనిషి టీవీలోకి వచ్చి, తానే ఎల్ అని చెప్పి, లైట్ చేస్తున్నది చెడ్డ పని అంటాడు. లైట్‌కి కోపం వచ్చి అతని పేరు రాసేస్తాడు. అతను చనిపోతాడు. ఆ మనిషి నిజంగా ఎల్ కాదు, మరణశిక్ష పడిన ఒక ఖైదీ. కానీ ఆ సంగతి లైట్‌కి రాసేటప్పుడు తెలీదు. అంటే తనను తిట్టాడన్న ఒక్క కారణానికి, దొంగ కాని, హంతకుడు కాని మనిషిని చంపుతున్నాననే అనుకుని రాశాడు. మొదటిసారి చూసినప్పుడు నేను ఆ చోట బాధపడలేదు. 'అయ్యో, లైట్ దొరికిపోతాడేమో' అని భయపడ్డాను. తర్వాత తనను వెంటాడే పోలీసుల పేర్లు రాసినప్పుడూ అంతే. పసిపిల్లలను కాపాడినప్పుడు అతని పక్షాన చేరినదాన్ని, అమాయకులు చస్తున్నా అక్కడి నుంచి కదల్లేదు. కథ నన్ను మోసం చేయలేదు. అన్నీ నా కళ్ళ ముందే చూపించింది. నేనే చూడలేదు.

ఈ విషయం మా అవ్వకు చెబితే ఆమె మాండవ్యుడి కథ చెప్పింది. మా వైపు ధర్మరాజుల గుడి తిరునాళ్ళలో పగలు భారతం చెబుతారు, రాత్రి వీధి నాటకం ఆడతారు. అవ్వ చిన్నప్పటి నుంచి విన్న కథలవి. మాండవ్య ముని మౌనవ్రతంలో ఉండగా దొంగలు సొమ్ము తెచ్చి ఆయన ఆశ్రమంలో దాచారు. రాజభటులు వచ్చి అడిగితే ముని పలకలేదు. పలకలేదంటే దొంగే అనుకుని రాజు కొరత వేయించాడు. ముని చనిపోలేదు. నిజం తెలిసి రాజు కాళ్ళ మీద పడ్డాడు. కొరతను పైకి లాగితే రాలేదు. చివరికి కోసేశారు. లోపలి ముక్క అలాగే ఉండిపోయింది. అందుకే ఆయన ఆణి మాండవ్యుడు.

ముని యమధర్మరాజు దగ్గరికి వెళ్ళి "నాకు ఇంత శిక్ష ఎందుకు?" అని అడిగాడు. చిన్నప్పుడు పురుగులను గుచ్చి ఆడుకున్నందుకు అన్నాడు యముడు. ఇంత చిన్న తప్పుకి అంత పెద్ద శిక్షా అని ముని యముణ్ణే శపించాడు. ఆ శాపం వల్లే యముడు విదురుడుగా పుట్టాడు. పద్నాలుగేళ్ళ లోపు చేసినది పాపం కిందికి రాదని కూడా ముని నియమం పెట్టాడు. అవ్వ నా తల నిమిరి "నీకెన్నే?" అంది. నాకు పదిహేను.

చావుకు అధిపతి అయిన యముణ్ణి కూడా లెక్క అడిగిన కథ మన భారతంలో ఉంది. లైట్‌ని అలా ఎవరు అడగాలి? ఆ పుస్తకంలో లెక్క అడిగే పేజీ లేదు.

ఇప్పుడు హైదరాబాద్ సంగతికి మళ్ళీ వస్తాను. ఆ కాల్పుల మీద సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగినది కాదని, చంపాలనే ఉద్దేశంతో కాల్చారని కమిషన్ తేల్చింది. ఆ నలుగురిలో ముగ్గురికి అప్పటికి 18 ఏళ్ళు నిండలేదని కూడా చెప్పింది. వాళ్ళు మంచివాళ్ళని నేను అనడం లేదు. కోర్టులో విచారణ జరిగి ఉంటే ఎవరు ఏం చేశారో సాక్ష్యాలతో సహా అందరికీ తెలిసేది. ఆ డాక్టరమ్మకు కూడా ఆ న్యాయం దక్కాలి కదా. ఇప్పుడు ఆ నలుగురిని అడగడానికి వీలు లేదు. చెరిపేసినా మారని పేర్లవి.

"కోర్టులు ఆలస్యం చేస్తే ఏం చేయాలి?" అని నా స్నేహితురాలు అడిగింది. మంచి ప్రశ్నే. ఏడేళ్ళు చాలా ఎక్కువ. త్వరగా తేల్చండి అని మనం గట్టిగా అడగాలి. బస్సులో నాకు నోరు రావాలి, నా పక్కవాళ్ళకూ రావాలి. కానీ త్వరగా అడగడం వేరు, అడగడమే మానేయడం వేరు. అడగడానికి ఎంతో కొంత సమయం పడుతుంది. మనం పొరపాటు పడి ఉంటే అది బయటపడేది ఆ సమయంలోనే. నేను తొమ్మిది రోజులు ఆగినా కాదు, మొదటి రోజు ఒక్క నిమిషం అడిగి ఉంటే చాలు.

'డెత్ నోట్' ఇప్పటికీ నాకు ఇష్టమే. చివర ఏమవుతుందో చెప్పను, చూడనివాళ్ళు చూడండి. చూస్తూ ఎక్కడెక్కడ చప్పట్లు కొట్టారో మాత్రం గుర్తుపెట్టుకోండి.

రఫ్ నోటులోని ఆ పేజీ చించేశాను. ఆ అబ్బాయి ఇప్పుడు మాతోనే కూర్చుని తింటున్నాడు, నాతో మాట్లాడతాడు కూడా. కానీ తరగతిలో ఎవరి పెన్ను కనపడకపోయినా ముందుగా తన సంచీ తీసి, అన్నీ బల్ల మీద పెట్టి చూపిస్తాడు. ఎవరూ అడగకుండానే.