యాత్రాఫలం ఎక్కడుంది?

అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లో విష్ణు టెంపుల్, శివ టెంపుల్ అనే శిఖరాలున్నాయి. అవి గుళ్లు కావు. 19వ శతాబ్దం చివర ఆ లోయను పరిశీలించిన భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డటన్, గోపురాల్లా నిలబడ్డ ఆ కొండలకు మన దేవుళ్ల పేర్లు పెట్టాడు. లోయ అడుగున కనిపించే, సుమారు 170 కోట్ల ఏళ్ల నాటి రాతికి కూడా విష్ణువు పేరే ఉంది. వేసవి సెలవుల్లో కారు డిక్కీలో టెంటు, వంట సామాను సర్దుకుని పిల్లలతో బయల్దేరే అక్కడి తెలుగు కుటుంబాలకు ఈ పేర్లు ముచ్చటగానే ఉంటాయి. కానీ పెట్టినవాడు భక్తుడై పెట్టలేదు, పేరున్నంత మాత్రాన రాయి క్షేత్రమూ కాదు. అలాంటప్పుడు నేషనల్ పార్కులకు పిల్లల్ని తీసుకెళ్లడాన్ని యాత్ర అనవచ్చా, లేక విహారానికి పుణ్యం పూత పూస్తున్నామా? ఈ ప్రశ్నకు జవాబు అక్కడ చూడబోయే దృశ్యంలో లేదు, ఇంట్లో కూర్చుని వేసుకునే ప్రణాళికలో ఉందని నా వాదన.

మహాభారతం అరణ్యపర్వంలో పులస్త్యుడు భీష్ముడికి తీర్థాల మహిమ చెప్పిన సందర్భం ఉంది. అందులో రెండు మాటలు మనకు పనికొస్తాయి. యజ్ఞాలు సంపన్నులకే సాధ్యం, తీర్థయాత్ర పేదవాడికీ అందుతుందన్నది మొదటిది. కాళ్లూ చేతులూ మనసూ అదుపులో ఉంచుకున్నవాడికే ఆ ఫలం దక్కుతుందన్నది రెండోది. అంటే స్థలం అవకాశం మాత్రమే ఇస్తుంది, ఫలాన్ని యాత్రికుడి నియమమే సంపాదించి పెడుతుంది. శబరిమల వెళ్లేవారు కొండ ఎక్కడానికి ముందే 41 రోజుల దీక్ష పట్టడంలో ఉన్న తర్కం ఇదే. ఈ కొలబద్దతో చూస్తే అడవిలో టెంటు వేసుకుని ఉండే ప్రయాణం హోటల్ గది నుంచి చేసే ప్రయాణం కంటే యాత్రకు దగ్గరగా ఉంటుంది. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున ఉన్న మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో చోటు కావాలంటే ఆరు నెలల ముందు నుంచే ప్రయత్నించాలి. రాత్రి పదింటి తర్వాత చప్పుడు చేయకూడదు. ఉడుతకు వేరుశనగ గింజ కూడా పెట్టకూడదు. నచ్చిన రాయినో పువ్వునో ఇంటికి తెచ్చుకోకూడదు. లోయ అడుగున ఉన్న నదిదాకా దిగి అదే రోజు తిరిగి ఎక్కే సాహసం చేయవద్దని పార్కువాళ్లు పదేపదే హెచ్చరిస్తారు. దిగేటప్పుడు కాళ్లకు తెలియని ఎండా ఎత్తూ తిరుగు దారిలో తెలుస్తాయి. కాబట్టి ఓపిక ఉండగానే వెనక్కి తిరగాలి. పిల్లలకు ఇందులో ప్రతి ఒక్కటీ కష్టమే. ప్రతి ఒక్కటీ కాళ్లకో చేతులకో మనసుకో వేసే కళ్లెమే.

ఇవన్నీ జరిమానా భయంతో పాటించే ప్రభుత్వ నిబంధనలు, దేవుడే లేనిచోట వీటికి నియమమన్న గౌరవం ఎందుకు అని అడగవచ్చు. మరి దేవుడు ఉన్నాడని అందరం ఒప్పుకునే చోట ఏం జరుగుతోంది? శ్రీశైలం దారి పులుల అభయారణ్యం గుండా పోతుంది. మల్లన్నకు మొక్కుకుని వచ్చిన చేతులే కారు అద్దం దించి నల్లమలలోకి ఖాళీ సీసా విసురుతాయి, కోతులకు చిప్స్ పొట్లాలు అందిస్తాయి. భక్తి ఉన్నంత మాత్రాన సంయమం దానంతటదే రాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. నిబంధన ఎవరు రాశారన్నది ముఖ్యం కాదు. దాన్ని మనకంటే పెద్దదైన దాని కోసం పాటిస్తున్నామా, రేంజర్ కంటబడతామని పాటిస్తున్నామా అన్నదే తేడా. ఉడుతకు తిండి పెట్టకపోవడం శిక్షకు భయపడి అయితే నిబంధన, మనిషి తిండికి అలవాటుపడితే దానికే చేటని తెలిసి మానుకుంటే నియమం.

ఇంతకంటే బలమైన అభ్యంతరం పిల్లల వైపు నుంచి వస్తుంది. దీక్ష స్వయంగా పట్టాలి, పెద్దలు కారెక్కించి తీసుకెళ్లిన పిల్లవాడికి అందులో ఎంపిక ఏముంది? నిజమే, బలవంతపు నియమం ఫలించదు. అందుకే ప్రణాళికలో పిల్లలకు భాగం ఉండాలి. ఏ బాట నడవాలి, ఎక్కడ వెనక్కి తిరగాలి, ఏ బొమ్మ ఇంట్లో వదలాలి అన్నవి వాళ్లతో కలిసి తేల్చుకోవాలి. పార్కుల్లోని జూనియర్ రేంజర్ కార్యక్రమం ఈ విషయాన్ని బాగా గ్రహించింది. పిల్లలు ఒక చిన్న పుస్తకంలోని పనులు పూర్తిచేసి, చెయ్యెత్తి ప్రమాణం చేశాకే బ్యాడ్జీ చేతికొస్తుంది. ఆ క్షణాన పెద్దల ఆజ్ఞ పిల్లవాడి సొంత మాటగా మారుతుంది.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇంకొకటుంది. ఆ నేల ఎవరిది? గ్రాండ్ కాన్యన్ 1919లో నేషనల్ పార్కు అయింది. లోయలోని ఊట దగ్గర తోటలు పెంచుకున్న హవసుపాయి ఆదివాసులను 1920ల్లో అక్కడి నుంచి వెళ్లగొట్టారు. పీఠభూమిలో వాళ్ల భూమి కొంత 1975లో చట్టం ద్వారా తిరిగి దక్కింది. ఇండియన్ గార్డెన్ అని పిలిచిన ఆ తోటకు హవసుపాయి గార్డెన్స్ అన్న పేరు 2022లో గానీ రాలేదు. మనుషుల్ని తరిమిన చోట ప్రకృతిని పూజించడం కపటం కాదా? ఈ చరిత్రను దాచిపెడితే కపటమే. కానీ అంతమాత్రాన వెళ్లడమే తప్పనడం తొందరపాటు. ఏ క్షేత్రానికైనా స్థలపురాణం తెలుసుకోకుండా వెళ్లడం అరకొర యాత్ర. విష్ణు శిఖరం పేరుకు మురిసిపోయే పిల్లలకు హవసుపాయిల కథ కూడా చెప్పడం అక్కడి స్థలపురాణాన్ని పూర్తిచేయడమే. అడవిలో ఖాళీ జాగా అంటూ ఉండదని, మనం అడుగుపెట్టేది ఇతరుల ఇంట్లోకని తెలియడం కూడా సంయమంలో భాగమే.

కాబట్టి వారం రోజుల్లో ఆరు పార్కులు చుట్టేసే పట్టిక ఎంత పకడ్బందీగా ఉన్నా అది యాత్రా ప్రణాళిక కాదు. ఏం చూడాలో రాసుకునే ముందు ఏం వదులుకోవాలో రాసుకున్న పట్టికే ఆ పేరుకు తగింది. ఫలం దక్కిందో లేదో లోయ అంచున తీసుకున్న ఫొటో చెప్పదు. మరుసటి ఏడు స్వదేశం వచ్చి నల్లమల ఘాట్ దిగుతున్నప్పుడు, రేంజర్ లేని చోట, తాతయ్య చేతిలోని ఖాళీ సీసాను పిల్లవాడు పట్టుకుని ఆపితే దక్కినట్టే.