గేమ్‌లో 40 మందికి వడ్డించి, అమ్మను ఆకలితో కూర్చోబెట్టాను

ఈ వారం మన వీడియో అన్నపూర్ణాదేవి గురించి. చూసే ఉంటారు. అందులో చెబుదామనుకుని, కెమెరా ముందు మొహమాటం వేసి వదిలేసిన సంగతి ఒకటుంది. అది ఇక్కడ రాస్తున్నాను.

నాకు హోటల్ గేమ్‌ల పిచ్చి ఉంది. మీలో చాలామందికి తెలిసే ఉంటాయి. ఫోన్‌లో ఒక చిన్న హోటల్. కౌంటర్ ముందుకి ఒక్కొక్కరే వచ్చి నిలబడతారు. ఏం కావాలో వాళ్ల తల పక్కన బొమ్మ కనిపిస్తుంది. మనం బన్ను పెట్టాలి, పొయ్యి మీద వేగుతున్నది మాడిపోకముందే తీయాలి, కాఫీ పట్టాలి, అందించాలి. ఆలస్యమైతే వాళ్ల పక్కన ఉన్న గీత తగ్గుతూ వస్తుంది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఎరుపు కూడా అయిపోతే ముఖం మాడ్చుకుని వెళ్లిపోతారు. డబ్బులు రావు. అంతే గేమ్. ఆఫీసు క్యాబ్‌లో, లిఫ్ట్ కోసం ఆగినప్పుడు, నిద్ర పట్టనప్పుడు, నేను ఇదే ఆడతాను.

ఈ రకం గేమ్‌లకు పెద్దక్క లాంటిది డైనర్ డాష్. సుమారు 20 ఏళ్ల కిందట న్యూయార్క్‌లో గేమ్‌ల్యాబ్ అనే చిన్న కంపెనీ తయారుచేసింది. అందులో ఫ్లో అనే అమ్మాయి షేర్ మార్కెట్ ఉద్యోగం విసుగెత్తి పారిపోయి, పాడుబడిన హోటల్ ఒకటి తీసుకుని నడుపుతుంది. తర్వాత 2014లో లిథువేనియా వాళ్లు కుకింగ్ ఫీవర్ తెచ్చారు. ఆ పైన వచ్చినవాటికి లెక్కే లేదు. ఊరు మారుతుంది, వంట మారుతుంది, ఆ తరిగిపోయే గీత మాత్రం మారదు.

టైమ్ వేస్ట్ అని ఇంట్లో తిడతారు. నా బాధ అది కాదు. ఆట పాపమని మన పెద్దలెవరూ చెప్పలేదు. శివపార్వతులు పాచికలాడారు. తిరుమలలో హాథీరాం బావాజీతో స్వామి స్వయంగా వచ్చి పాచికలాడాడని కథ. పైగా ఈ గేమ్‌లో నాకు ముచ్చటేసే విషయం ఒకటుంది. హోటల్లో కూర్చుని తినే గేమ్ పెడితే ఎవరైనా ఆడతారా? ఆడరు. వడ్డించే గేమ్ అయితే కోట్లమంది ఆడతారు. పగలంతా ఎవరికి ఉపయోగమో తెలియని ఎక్సెల్ షీట్లు నింపి, రాత్రి పడుకునే ముందు, ఎవరో అడిగారు, నేను ఇచ్చాను, వాళ్ల ముఖం వెలిగింది అనే చిన్న తృప్తి కోసం మనం ఫోన్ తీస్తున్నాం. మనసు ఎటు వైపు వంగి ఉందో ఇక్కడ తెలుస్తోంది కదా. ఇది మంచి సంగతే అని నేను చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. మాడుగుల వెళ్లి వచ్చాక అంత గట్టిగా చెప్పుకోలేకపోతున్నాను.

మా ఊరు మాడుగుల. చోడవరం, వడ్డాది దాటి, పాడేరు కొండలెక్కేముందు వస్తుంది. చిన్నప్పుడు విశాఖపట్నం జిల్లా అని రాసేవాళ్లం, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. ఎక్కడ ఊరి పేరు చెప్పినా "హల్వా తెచ్చావా?" అనే అడుగుతారు. 1890 ప్రాంతంలో దంగేటి ధర్మారావు గారు మొదలుపెట్టారని ఊళ్లో చెప్పుకుంటారు. ఈ హల్వా తొందరగా చేసే వంట కాదు. గోధుమలు 3 రోజులు నానాలి. రుబ్బి పాలు తీయాలి. ఆ పాలు ఇంకో రోజు పులవాలి. అప్పుడు కట్టెల పొయ్యి మీద పెద్ద కళాయి పెట్టి, పంచదార, నెయ్యి వేసి, తెడ్డుతో తిప్పుతూనే ఉండాలి. గంటలు. ఆపితే అడుగంటుతుంది. చివర్లో జీడిపప్పు, బాదం.

ఆ శనివారం విశాఖ నుంచి బస్సులో వచ్చాను. దారి పొడుగునా గేమే. చోడవరంలో స్వయంభూ వినాయకుడికి బస్సులోంచే దండం పెట్టుకునే అలవాటు నాకు. ఆ రోజు తల ఎత్తేసరికి చోడవరం వెళ్లిపోయింది. మాడుగులలో దిగి, ఆఫీసు వాళ్లకి రెండు కిలోలు తీసుకుందామని ఒక దుకాణానికి వెళ్లాను. చేసి ఉంచింది అయిపోయింది. వెనకాల కళాయిలో ఉడుకుతోంది, కాసేపు ఆగమన్నారు. ఆగాను. ఎంతసేపు? ఐదు నిమిషాలు ఉంటుందేమో. తర్వాత లోపలికి తొంగి చూసి, తిప్పుతున్న ఆయన్ని పట్టుకుని, "ఏంటండీ ఇది, ఇంకెంతసేపు, మనుషులు నిలబడి ఉన్నారని తెలీదా?" అని గట్టిగానే అరిచాను. ఆయన వయసు మా నాన్నగారికి ఒకటి రెండేళ్లు అటూ ఇటూ. పొయ్యి సెగకి ముఖం ఎర్రగా ఉంది. తెడ్డు ఆపకుండానే అన్నారు: "ఉండండి బాబూ. పాకం దాని టయానికి అదే వస్తాది. మనం తొందరపడితే మాడిపోద్ది."

నేను మూతి ముడుచుకుని వచ్చేశాను. అచ్చం గేమ్‌లో గీత ఎర్రబడిన కస్టమర్ లాగా.

ఇక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదు. ఇంటికి వెళ్లాక అమ్మ కంచం పెట్టింది. నేను 212వ లెవెల్లో ఉన్నాను. 40 మందికి వడ్డించాలి, ఒక్కరు కూడా కోపంగా వెళ్లకూడదు. "ఒక్క నిమిషం అమ్మా" అన్నాను. మళ్లీ పిలిచింది, మళ్లీ ఒక్క నిమిషం. లెవెల్ పోయింది, ఇంకోసారి మొదలుపెట్టాను. గెలిచి తలెత్తేసరికి గడియారం మూడు దాటింది. అమ్మ నా కంచం ముందు, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నేను తింటే గాని తినదు, అది నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. బీపీ మాత్ర కూడా తిన్నాకే వేసుకుంటుంది, అదీ తెలుసు. తిట్టలేదు. "ఏటి నాన్నా, ఆ బొమ్మలకి పెట్టడం అయిపోనాదేటి?" అంది. అన్నం చల్లారిపోయింది, మళ్లీ వేడి చేయడానికి లేచింది. లేస్తుంటే చెయ్యి గోడకి ఆనించుకుంది.

ఆ రాత్రి నుంచీ ఆలోచిస్తున్నాను. రోజూ వంటవాడి స్థానంలో నిలబడే నేను, నిజమైన వంటాయన మీద ఎందుకు అరిచాను? వడ్డించేవాడి కష్టం నాకే కదా బాగా తెలియాలి? తర్వాత అనిపించింది, గేమ్‌లో నేను వంటవాణ్ణే అయినా నేర్చుకున్నది వంటవాడి కష్టం కాదని. అందులో నా చెయ్యి కాలదు. నాకు ఆకలి వేయదు. నేను నేర్చుకున్నది కస్టమర్‌ని. అర నిమిషం దాటితే కోప్పడటం అతని హక్కు, అది ఆట నియమం, దాన్ని ఎవరూ ప్రశ్నించరు. వేలసార్లు ఆ నియమానికి తల వంచాను. బయట నేను కస్టమర్ అయిన మరుక్షణం అదే హక్కు వాడుకున్నాను. ఫుడ్ డెలివరీ యాప్‌లో బండి బొమ్మ కదలకపోతే మనకొచ్చే చిరాకు గుర్తు చేసుకోండి. ఆ బొమ్మ కింద సిగ్నల్ దగ్గర ఎండలో ఆగిపోయిన మనిషి ఉన్నాడు.

బొమ్మలే కదా, దానికింత ఆలోచన ఎందుకు అంటారేమో. సరే. మనం జపం ఎందుకు చేస్తాం? ఒకే నామం పదేపదే అంటే మనసు మీద దాని ముద్ర పడుతుందని నమ్మి. మన శాస్త్రాలు సంస్కారం అన్నది దాన్నే. 108 సార్లు తిరిగిన పూస మనసుని మారుస్తుందని నమ్మేవాణ్ణి, వేలసార్లు నొక్కిన వేలు ఏమీ చేయదని ఎలా అనను? రెండింట్లో ఒకటి వదులుకోవాలి. జపాన్ని నేను వదులుకోలేను.

అలాగని తప్పంతా గేమ్ మీదకి తోసేయడం కూడా అన్యాయమే. మా టీమ్‌లో ఒకమ్మాయి నాకంటే ఎక్కువ ఆడుతుంది, హోటల్లో సర్వర్‌కి థాంక్స్ చెప్పకుండా లేవదు. నా కోపం నాదే. గేమ్ దానికి ఒక గడియారం తగిలించిందంతే. ఇంకో మాట. ఈ గేమ్‌లలో డైమండ్లు కొనుక్కుంటే పనులు త్వరగా అవుతాయి, కస్టమర్లకి ఓపిక పెరుగుతుంది. ఓపికని డబ్బులిచ్చి కొంటున్నాం అన్నమాట! నేనూ కొన్నాను, ఎంతకో చెప్పను.

ఇలా అనుకుంటూ ఉంటే రంతిదేవుడి కథ గుర్తొచ్చింది. భాగవతం నవమ స్కంధంలో ఉంది. ఆయన రాజు. ఉన్నదంతా పెట్టేసి, 48 రోజులు మంచినీళ్లు కూడా లేకుండా కుటుంబంతో పస్తున్నాడు. 49వ రోజు పొద్దున నెయ్యి, పాయసం, సంయావం, కొంచెం నీళ్లు దొరికాయి. సంయావం అంటే గోధుమపిండి, నెయ్యి, తీపి కలిపి చేసే వంటకం. ఇది చదివినప్పుడల్లా నాకు మా ఊరి కళాయే కళ్లముందుకొస్తుంది, ఏం చేయను! తినబోతుంటే బ్రాహ్మణుడొకడు వచ్చాడు. పెట్టాడు. మిగిలింది పంచుకుని కూర్చుంటే శూద్రుడొకడు వచ్చాడు. పెట్టాడు. తర్వాత కుక్కల్ని వెంటబెట్టుకుని ఇంకొకడు, తనకీ వాటికీ ఆకలన్నాడు. ఉన్నదంతా ఇచ్చేశాడు. ఇక మిగిలినవి ఒక్కడి దాహానికి సరిపడే నీళ్లు. అవి తాగబోతుంటే, అందరూ అంటరానివాడని దూరం పెట్టే మనిషి వచ్చి దాహమన్నాడు. ఆ నీళ్లూ ఇచ్చేశాడు.

గమనించారా? మన గేమ్ లాగే ఒకరి తర్వాత ఒకరు వస్తున్నారు. కానీ తరిగిపోతున్న గీత వచ్చేవాళ్ల పక్కన లేదు, పెట్టేవాడి ప్రాణంలో ఉంది. కథలో ఎవ్వరూ అతన్ని తొందరపెట్టరు. ఎవరికి పెడితే ఎక్కువ వస్తుందో అతనికి లెక్క లేదు, ప్రతి ముఖంలోనూ హరే కనిపిస్తున్నాడు. నాకు మోక్షం వద్దు, ప్రాణులందరి బాధ నాకు రానీ, వాళ్ల దుఃఖం తీరనీ అనే అర్థంలో అతను అడుగుతాడు. వచ్చినవాళ్లు దేవతలని తర్వాత తెలుస్తుంది. పెట్టేటప్పుడు తెలియదు. నాకు ఆ తెలియకపోవడమే ముఖ్యం.

పాత కథ, ఇప్పుడెవరున్నారు అలా అనకండి. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ గారు 1909 దాకా ఉన్నారు. లంకల గన్నవరంలో ఆవిడ ఇంటికి ఏ వేళకొచ్చినా అన్నం ఉండేది. 2024లో మన రాష్ట్రం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టింది.

గోడకి ఆనుకుని కూర్చున్న మా అమ్మ పక్కన గీత కనిపించలేదు నాకు. ఎరుపు లేదు, పసుపు లేదు. కనబడితే మాత్రం పరుగెత్తేవాణ్ణే, అందులో నాకు మంచి ప్రాక్టీసు ఉంది.

సోమవారం పొద్దున బస్సు ఎక్కేముందు మళ్లీ ఆ దుకాణానికి వెళ్లాను. ఆయనే ఉన్నారు. మొన్న తొందరపడ్డానండీ అన్నాను. ఆయనకి నేను గుర్తులేను! రోజుకి ఎంతమంది అరుస్తారో మరి. కళాయిలోంచి ఇంత వేడి హల్వా ఆకులో పెట్టిచ్చి, "ఊదుకుని తినండి బాబూ" అన్నారు. తిన్నాను, రెండు కిలోలు తీసుకుని వచ్చేశాను. మీరు తిన్నారా అని ఆయన్ని నేను అడగలేదు. ఈ సంగతి ఇప్పుడు, రాస్తుంటే తట్టింది.

రంతిదేవుడి కథ పూర్తిగా వచ్చే వారం వీడియోలో చెప్పుకుందాం. గేమ్ డిలీట్ చేశావా అని మీరు అడుగుతారని తెలుసు. చేయలేదు. అమ్మ రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేస్తుంది, నేను సరిగ్గా అప్పుడే ఆడుతూ ఉంటాను. మధ్యలో వదిలేస్తే ఒక లైఫ్ పోతుంది. ఈ వారం నాలుగు పోయాయి.