పగటి ఎండను మోసినవారు



కొత్తగా గురుపట్టం పొందిన ఒక యువకుడు రొళ్ల ప్రాంతంలోని పల్లెకు ప్రేషిత సేవకై వచ్చాడనుకుందాం. కోస్తాలో కాలువ గట్టున పెరిగినవాడు. ఏప్రిల్ వచ్చేసరికి రేకుల కప్పు కింద నిద్ర పట్టదు. సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన లేస్తుంది. ఉరుములు, మెరుపులు, నాలుగు చినుకులు, ఆపైన కరెంటు ఉండదు. పూజకు రావలసినవారు ఇంటి కప్పు కాచుకుంటూ ఉండిపోతారు. తినేది రాగి సంకటి. కర్ణాటక సరిహద్దు కాబట్టి తెలుగులో కన్నడం కలిసిన మాట కూడా అతనికి కొత్తే.

ఆ రాత్రి అతడు మోకరించి, "ప్రభువా, ఇదంతా నీ కోసమే భరిస్తున్నాను" అంటాడు. ఆ మాట అబద్ధం కాదు. కానీ పక్క గుడిసెలో శనక్కాయ చేనుకు కూలికి వెళ్లివచ్చిన తల్లి కూడా ఆ ఎండనే భరించింది. ఆమెది త్యాగమని ఎవరూ అనలేదు. అతడు ఎంచుకుని వచ్చాడు, ఆమెకు ఎంచుకునే వీలే లేదు. మరి ఎవరి ఎండ గొప్పది?

ద్రాక్షతోట కూలీల ఉపమానం గుర్తు చేసుకోండి. తెల్లవారిన దగ్గర నుంచి పనిచేసినవారు తాము మోసిన ఎండను లెక్కగట్టి యజమానిపై సణిగారు. వారి శ్రమ నిజమే. ఆ లెక్కే వారిని తోటి కూలీలకు దూరం చేసింది.

హిందూపురానికి దక్షిణాన ఉన్న చిక్కబళ్లాపురం వైపు 18వ శతాబ్దం తొలినాళ్లలో ఫ్రెంచి జెస్యూట్ గురువులు వచ్చారు. ఫాదర్ లెగాక్ వారిలో ఒకరు. వారు మాంసం మాని, సన్యాసుల వేషంలో తిరిగారు, తెలుగు నేర్చి నిఘంటువులు కూర్చారు. ఎండను ఓర్చుకోవడం ఒక్కటే అయితే వారు అపరిచితులుగానే మిగిలేవారు. పరుల భాషలో పసిపిల్లల్లా తడబడటానికి ఒప్పుకోవడమే వారిని ఇక్కడివారికి దగ్గర చేసింది.

ఎంచుకున్న కష్టంలో గర్వం దాగవచ్చు. ఎంచుకోని కష్టంలో చేదు దాగవచ్చు. కష్టం తనంతట తాను ఎవరినీ పునీతులను చేయదు. మన ప్రభువు నజరేతులో ఏళ్ల తరబడి ఊరివారితో పాటే చెమటోడ్చాడు. అప్పుడు దానిని త్యాగమని పొగిడినవారు లేరు.

కాబట్టి ఆ యువ గురువు మరునాడు చేయవలసిన పని చిన్నదే. గాలికి లేచిన ఆ తల్లి ఇంటి రేకును ఆమె కొడుకుతో కలిసి సరిచేయడం, ఆమె పోసిన అంబలి కూర్చుని తాగడం.

మీ ఇంట్లో కూడా, ఎంతో చేశానని మీరు లెక్క చెప్పబోయే ముందు ఒక్క క్షణం ఆగండి. అదే ఎండలో మౌనంగా మీ పక్కన నిలిచినవారు ఎవరో చూడండి. ఈ వారం వారికి ఒక మంచి మాట చెప్పండి.